ముప్పై రెండో వంతు

కాయ్-లిన్ పోయి నలభై తొమ్మిది రోజులు నిండాయి. కర్మలు ముగిసిన మర్నాడు, శనివారం మధ్యాహ్నం, షూ-వాన్ తమ్ముడి గది తాళం తీసింది. నెలాఖరుకి గది ఖాళీ చేసి ఇవ్వాలి. బట్టలూ పుస్తకాలూ అంతకుముందే అట్టపెట్టెల్లోకి వెళ్ళిపోయాయి. మిగిలింది కిటికీ కింద బల్లమీద ఉన్న మిషన్ ఒక్కటే. చెప్పుల పెట్టెకన్నా చిన్నది. ఇన్ని రోజులూ దాన్ని ఎవరూ ఆపలేదు. యజమాని లేడన్న సంగతి దానికి తెలియదు కనక తన పని తాను చేసుకుపోతూనే ఉంది.

ఆమె వెనకే యౌ బాబాయి గొడుగు దులుపుకుంటూ వచ్చాడు. కీలుంగ్ ఊరి రైల్వే స్టేషన్ సిగ్నల్ కేబిన్‌లో ముప్పై ఎనిమిదేళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. ఊళ్ళో ఇలాంటి మిషన్లు ఇంట్లో పెట్టుకు నడిపేవాళ్ళు ఓ పదిమంది ఉన్నారు. వాళ్ళందరిలోకీ ఆయనే పెద్ద. కాయ్-లిన్‌కి ఈ విద్య నేర్పిందీ ఆయనే.

వస్తూనే ఆయన మిషన్ మీద ఉన్న ఆకుపచ్చ చిరుతిళ్ళ ప్యాకెట్టు తీసి, వెనక్కి తిప్పి, తేదీ చూశాడు. మిషన్ మాట వినాలంటే దాని నెత్తిన ఆకుపచ్చ ప్యాకెట్టు ఉండాలని అక్కడివాళ్ళ నమ్మకం. పసుపుదీ ఎర్రదీ పనికిరావు. గడువు దాటినదైతే అసలే పనికిరాదు.

"ఆగస్టుదాకా ఉంది. తను భోజనం మానేసినా దీనికి మాత్రం లోటు చెయ్యలేదు మీ తమ్ముడు."

"పోయినేడు మర్చిపోయాడుగా బాబాయ్. అందరూ కలిసి వాణ్ణి నెల్లాళ్ళు ఏడిపించారు."

యౌ బాబాయి ప్యాకెట్టు ఎక్కడున్నది అక్కడే పెట్టాడు. "అవును, ఏడిపించారు," అన్నాడు.

ఆ మిషన్ ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే షూ-వాన్ తన లెక్కల క్లాసులో చెప్పినట్టే చెప్పేది. ద్వీపంలోని సహకార సంఘాలన్నీ కలిసి ఒకే రికార్డు పుస్తకం రాసుకుంటాయి. దాన్నే బ్లాక్‌చెయిన్ అంటారు. అది ఏ ఒక్క ఆఫీసులోనూ ఉండదు. అరవై రెండు ఇళ్ళల్లో ఉన్న అరవై రెండు మిషన్ల దగ్గరా ఉంటుంది. ప్రతి యజమానీ తన మిషన్ తరఫున కొంత పూచీ సొమ్ము కట్టి ఉంటాడు. పన్నెండు సెకన్లకొకసారి ఏదో ఒక మిషన్‌కి పేజీ రాసే వంతు వస్తుంది. ఆపైన మిషన్లన్నీ పేజీ పడిందో లేదో చూసి ఓటు వేస్తాయి. ముప్పై రెండు వంతులు ఒక రౌండు. అబద్ధపు పేజీ రాసినా, ఒకే వంతులో రెండు పేజీలు రాసినా పూచీ సొమ్ము పోతుంది. వంతు వచ్చినప్పుడు ఊరుకుంటే మాత్రం ఆ వంతుకి వచ్చే కూలి పోతుంది, అంతే. కరెంటు పోవడం, ఇంటర్నెట్ లైను తెగడం ఎవరింట్లోనైనా జరిగేదే కనక నియమాలు రాసినవాళ్ళు దాన్ని నేరంగా పెట్టలేదు.

ఎవరి వంతు ఎప్పుడన్నది ఎవరూ నిర్ణయించరు. పేజీ రాసే ప్రతి మిషనూ పేజీతోపాటు తన రహస్య సంఖ్య ఒకటి అందరి మధ్యా ఉన్న కుండలో వేస్తుంది. ఆ సంఖ్య ఏదై ఉండాలో యజమాని ఎంచుకోలేడు. అతని దగ్గరుండే డిజిటల్ తాళంనుంచి రౌండుకి ఒకటి చొప్పున అదే పుడుతుంది. రౌండు ముగిసేసరికి కుండలో పడ్డవన్నీ కలిసి ఒక పెద్ద సంఖ్య తేలుతుంది. మళ్ళీ వచ్చే వంతుల వరస ఆ సంఖ్యనుంచే వస్తుంది. "ఇందులో ఏ ఒక్కడి చెయ్యీ లేదక్కా," అనేవాడు కాయ్-లిన్. ఆ మాట చెప్పేటప్పుడు వాడి ముఖం వెలిగిపోయేది.

షూ-వాన్ ఇప్పుడుంటున్న ఇల్లు ఆ సంఖ్య పుణ్యమే. అంతకుముందు ఆరేళ్ళు ఆమె ఒక పాత మేడ నెత్తిన వేసిన రేకుల గదిలో ఉంది. కీలుంగ్ వానకి గోడలు ఏడాదిలో పది నెలలు చెమ్మగానే ఉండేవి. ఆ చెమ్మ ఆమె ఊపిరితిత్తుల్లోకి దిగింది. పాఠం మధ్యలో దగ్గు తెర వస్తే పిల్లలు పుస్తకాలు మూసి ఎదురుచూసేవాళ్ళు. కొండకింద సహకార సంఘం భవనంలో నాలుగో అంతస్తు ఇల్లు ఖాళీ అయినప్పుడు తొమ్మిదిమంది అర్జీ పెట్టారు. షూ-వాన్ ఒకరు. యౌ బాబాయి ఒకరు. ఆయన ఇల్లు కొండమీద, రెండువందల పద్నాలుగు మెట్ల పైన. ఆయన భార్య మోకాళ్ళు అరిగిపోయి మెట్లు దిగడం మానేసింది. ఈ భవనానికి లిఫ్టు ఉంది.

పెట్టెలో చీట్లు వేస్తే ఎవరో ఒకరు వంక పెడతారని సంఘంలో గొడవైంది. అప్పుడు కాయ్-లిన్ లేచాడు. "మా అక్క కూడా అర్జీ పెట్టింది. అందుకే మనుషుల చెయ్యి తగలని సంఖ్య వాడమంటున్నాను," అన్నాడు. మే తొమ్మిదో తేదీ ఉదయం పదీ యాభైయారుకి ముగిసే రౌండు సంఖ్యని తొమ్మిదితో భాగించాలి. ఎంత శేషం మిగిలితే ఆ నంబరువాళ్ళకి ఇల్లు. సున్నా మిగిలితే తొమ్మిదో నంబరుకి. అలా తీర్మానమైంది.

ఆ రోజు సంఘం హాల్లో తెరమీద ముప్పై ఒక్క చుక్కలు వరసగా పచ్చగా వెలిగాయి. ముప్పై రెండోది బూడిదరంగులోనే ఉండిపోయింది. అది కాయ్-లిన్ మిషన్ వంతు. శేషం మూడు. షూ-వాన్ నంబరు మూడు. "అక్క అదృష్టం చూడటానికి కూడా లేవలేదు వీడి మిషన్," అని బృందంలోవాళ్ళు నవ్వారు. ప్యాకెట్టు గడువు దాటిందని ఒకరు, లైనువాళ్ళకి డబ్బు కట్టలేదని ఒకరు. లైను తెగిందని కాయ్-లిన్ చెప్పాడు. మిషన్ పలకనే లేదు కనక వాడి చెయ్యి అసలే లేనట్టని అందరూ అనుకున్నారు.

పదకొండు నెలలైంది. షూ-వాన్ దగ్గు పోయింది. తమ్ముడూ పోయాడు. ఆఫీసులో కూర్చున్నచోటే తలలో నరం చిట్లిందన్నారు. వాడు మిగిల్చినవాటిలో ప్రాణం ఉన్నట్టు కనపడేది ఈ మిషన్ ఒక్కటే. దీని తాళాన్ని తను కొనితెచ్చిన కొత్త మిషన్‌లోకి మార్చి తన ఇంట్లో నడుపుకోవాలని, వాడి రికార్డు మచ్చ పడకుండా కాపాడాలని ఆమె కోరిక.

"పాత మిషన్?" యౌ బాబాయి అడిగాడు.

"ఆపేశాను."

"ఎక్కడ చూసి చెబుతున్నావ్? మనసులో అనుకుని చెబితే కుదరదు టీచరమ్మా."

రైల్వేలో ఆయన నేర్చుకున్న పద్ధతి అది. ఒకరు వేలు చూపించి పైకి చదవాలి. రెండోవారు అదే మాట తిరిగి పలకాలి. రెండో గొంతు వినపడందే బండి కదలకూడదు. బృందంలో అందరికీ ఆయన ఈ అలవాటు అంటించాడు. మిషన్ మార్చేటప్పుడు ఇది మరీ అవసరం. పాతదీ కొత్తదీ ఒకే తాళంతో ఒక్క క్షణం కలిసి నడిచినా ఒకే వంతులో రెండు పేజీలు పడతాయి. పూచీ సొమ్ముతోపాటు పేరూ పోతుంది.

షూ-వాన్ వేలు చాపింది. "దీపం ఆరింది. పాత మిషన్ ఆగింది."

"దీపం ఆరింది. పాత మిషన్ ఆగింది. ఇప్పుడు పదిహేను నిమిషాలు చేతులు కట్టుకు కూర్చోవాలి. ఈలోపు చిట్టా చదువు. ఎక్కడెక్కడ వంతు తప్పిందో చూస్తే మిషన్ జబ్బేమిటో తెలుస్తుంది."

ఆమె మిషన్ డిస్కు తీసి తన ల్యాప్‌టాప్‌కి తగిలించి చిట్టా తెరిచింది. మిషన్ వేసిన ప్రతి సంతకం అందులో ఉంటుంది. మూడేళ్ళ చిట్టాలో తప్పిన వంతులు వెతికింది. ఒక్కటే వచ్చింది.

"ఒక్కటే బాబాయ్. మూడేళ్ళలో ఒక్కటి."

"ఒక్కటే," అన్నాడాయన. "చాలు. ఇంక మూసెయ్."

"అదేంటి, చదవమన్నారుగా." ఆమె వేలు తెరమీద పెట్టింది. క్లాసులో చదివినట్టు స్పష్టంగా చదివింది. "మే తొమ్మిది. పదీ యాభై అయిదు, నలభై ఎనిమిదో సెకను. వంతు, ఖాళీ."

"వంతు, ఖాళీ."

వేలు ఒక వరస కిందికి దిగింది. "పదీ యాభై అయిదు, యాభై రెండో సెకను. ఓటు, పంపింది."

యౌ బాబాయి పలకలేదు.

షూ-వాన్ కాసేపు చూసింది. కిటికీ రేకుమీద వాన పడుతోంది. "బాబాయ్, తిరిగి పలకలేదు మీరు. మళ్ళీ చదవనా?"

"వద్దు. వినపడింది."

ఆమె ఆ రెండు వరసలూ మళ్ళీ మనసులో చదువుకుంది. రెంటికీ మధ్య నాలుగు సెకన్లు. అప్పుడు అర్థమైంది.

"లైను తెగిందన్నాడు కదా. తెగిన లైన్లో ఓటు ఎలా వెళ్ళింది?"

"వెళ్ళదు."

"మరి?"

"మిషన్ మేలుకునే ఉంది. ఓటు వేసింది. పేజీ మాత్రం రాయలేదు."

"మీకు తెలుసా?"

యౌ బాబాయి కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. "ఓట్లు అందరికీ కనపడేవేనమ్మా. ఆ మధ్యాహ్నమే చూశాను. బండి ఆగిందంటే ఎందుకాగిందో తెలుసుకోందే అన్నం దిగదు నాకు. వాడిది ఆఖరి వంతు. ముప్పై ఒక్కరూ కుండలో ఏం వేశారో అప్పటికే వాడికి కనపడుతుంది. తనది వేస్తే ఏ శేషం వస్తుంది, వెయ్యకపోతే ఏ శేషం వస్తుంది, రెండూ లెక్కేసుకోవచ్చు. లెక్కేసుకుని, కావలసింది చెయ్యొచ్చు. ఆఖరివాడికి ఒక్కడికే ఆ వీలుంటుంది."

"అడిగారా వాణ్ణి?"

"అడిగాను. లైను తెగిందట్రా అన్నాను. తెగింది బాబాయ్ అన్నాడు. సరే అన్నాను."

"అంతేనా?"

"ఇంకేం చెయ్యమంటావు? నీ దగ్గు నేనూ విన్నాను. వాడు వేసి ఉంటే ఎవరి పేరొచ్చేదో వాడి తాళం లేకుండా ఎవ్వరూ చెప్పలేరు. ఎవరో ఒకరు. ఎవరో తెలియని మనిషికోసం ఎదురుగా ఉన్న కుర్రాణ్ణి బజారులో పెట్టబుద్ధి కాలేదు నాకు."

షూ-వాన్ తెరవైపు తిరిగింది. తాళం ఇప్పుడు ఆమె దగ్గర ఉంది. మిషన్ ఫైళ్ళన్నీ ఆమె ఎదుట ఉన్నాయి. ఆమె వాటిని తేదీ వరసలో పెట్టింది. మే తొమ్మిదికి వెళ్ళింది. అక్కడ ఒక చిన్న ప్రోగ్రాం ఫైలు ఉంది. పేరు 'అక్క'.

మొదలుపెట్టిన సమయం పదీ నలభై ఆరు. ఏ రౌండులో ఎవరి వంతు ఎప్పుడన్నది పన్నెండు నిమిషాలకు మించి ముందుగా ఎవరికీ తెలియదు. ఆఖరి వంతు తనదని తెలియగానే వాడు కూర్చుని ఇది రాశాడన్నమాట. ఎన్నాళ్ళనుంచో పన్నిన ఎత్తు కాదు. అలాగని చెయ్యి జారిన పనీ కాదు. పది నిమిషాల పని. చివర జవాబు పడిన సమయం పదీ యాభై అయిదు, నలభై ఒకటో సెకను. ముప్పై ఒకటో పేజీ వచ్చాక, తన వంతుకి ఏడు సెకన్ల ముందు.

జవాబు రెండే వరసలు. వేలు దానంతట అదే లేచింది. ఆమె పైకి చదివింది.

"పలికితే ఏడు. ఊరుకుంటే మూడు."

ముప్పై ఎనిమిదేళ్ళ అలవాటు. యౌ బాబాయి వేలు కూడా లేచింది. "పలికితే ఏడు. ఊరుకుంటే మూడు," అన్నాడు.

ఆయన వేలు అలాగే గాలిలో ఉండిపోయింది. షూ-వాన్‌కి ముందు ఆ వేలు కనపడింది, తరవాత ముఖం. తొమ్మిదిమంది నంబర్లూ హాల్లో గోడకి నెల్లాళ్ళు అంటించి ఉన్నాయి. ఏడో నంబరు యౌ తియెన్-షెంగ్.

ఆయన మెల్లగా వెనక్కి జరిగి ఒక అట్టపెట్టెమీద కూర్చున్నాడు. లోపల కాయ్-లిన్ బట్టలున్నాయి. పెట్టె ఆయన బరువుకి ఒక పక్కకి కుంగింది. ఆయన లేవలేదు.

"నాది," అన్నాడు కాసేపటికి. ఆ మాట ఎవరికీ చెప్పినట్టు లేదు.

షూ-వాన్ మళ్ళీ ఆ రెండు వరసలూ చూసింది. తమ్ముడికి ఏడో నంబరు ఎవరిదో తెలియదని అనుకోవడానికి లేదు. ఆ జాబితా టైపు చేసింది వాడే.

"ఎవరో అనుకున్నాను," అన్నాడు యౌ బాబాయి. "తొమ్మిదిమందిలో నేనూ ఉన్నానని నాకే తట్టలేదు. చూడు."

గోడ గడియారం చూసి ఆయన లేచాడు. "పదిహేను నిమిషాలైంది. కొత్త మిషన్ పెట్టు. ఆ ఫైలు తీసెయ్."

"తీసెయ్యాలా?"

"మనిద్దరికే తెలుసు. పోయినవాడి పేరు ఇప్పుడు వీధిలో వేసి ఎవరికి లాభం? నువ్వు మళ్ళీ ఆ రేకులకింద పడుకుని దగ్గితే నాకేమొస్తుంది?"

"పిన్నికో?"

"దానికి చెప్పకు." ఆయన గొంతు మొదటిసారి గట్టిగా వచ్చింది. "దానికి మెట్లు అలవాటైపోయాయి. దిగకపోవడం అలవాటైపోయింది."

షూ-వాన్ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఫైలు తీసేస్తే తమ్ముడు తమ్ముడిగానే ఉంటాడు, ఇల్లు ఇల్లుగానే ఉంటుంది. లేకపోతే రెండూ పోతాయి. ఆమెకి వాటిని మించి ఏమీ లేవు. ఆ రెండు వరసలూ ఒక కాగితంమీద సమయాలతో సహా రాసుకుంది. మడిచి సంచీలో పెట్టుకుంది. ఫైలు తియ్యలేదు. కొత్త మిషన్ పెట్టలేదు.

"పిన్ని ఇంట్లోనే ఉంటుంది కదా," అంది.

కొండ మెట్లు తడిగా ఉన్నాయి. యౌ బాబాయి వెనక పడ్డాడు. షూ-వాన్ ఎక్కడా ఆగకుండా ఎక్కింది. నూటయాభయ్యో మెట్టు దాటాక ఆ సంగతి గమనించింది. ఏడాది కిందట అయితే నలభయ్యో మెట్టుకే రెయిలింగు పట్టుకుని దగ్గేది. ఇప్పుడు ఊపిరి నిండుగా ఆడుతోంది. అది ఎక్కణ్ణుంచి వచ్చిన ఊపిరో తలుచుకోగానే రెయిలింగు పట్టుకుంది. అక్కడే నిలబడిపోయింది. యౌ బాబాయి వచ్చి పక్కన నిలబడ్డాడు.

బీ-ష్యా పిన్ని వంటింట్లో నేలమీద పీటేసుకుని వెదురు మొలకల పొట్టు తీస్తోంది. మొగుడి ముఖం చూసి, "మిషన్ మార్చడానికి వెళ్ళి ముఖం మార్చుకొచ్చావేం? ఏం పగలగొట్టావు?" అంది. షూ-వాన్‌ని చూసి, "రా అమ్మాయ్. వచ్చావు బాగానే ఉంది, తినే వెళ్ళు. ఈయన పెట్టే టీ తాగితే మనిషన్నవాడు మళ్ళీ ఈ కొండెక్కడు," అంది.

షూ-వాన్ కూర్చోలేదు. నిలబడే చెప్పింది. కుండ సంగతి, ఆఖరి వంతు సంగతి, నాలుగు సెకన్ల సంగతి. కాగితం తీసి రెండు వరసలూ చదివింది. ఒక్క మాట పెంచలేదు, ఒక్క మాట తగ్గించలేదు. ఏడో నంబరు దగ్గర పిన్ని చేతిలో కత్తి ఆగింది.

పొయ్యిమీద నీళ్ళు మరిగి మూత కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఎవరూ కట్టెయ్యలేదు.

"ప్రతి బుధవారం వచ్చేవాడు," అంది పిన్ని చివరికి. "నీకు తెలుసా?"

"ఎవరు పిన్నీ?"

"నీ తమ్ముడే. బియ్యం, నూనె, గ్యాసు సిలిండరు కూడా. పోయిన వేసవినుంచీ. ఈయన రైల్వేవాళ్ళ సంఘానికి పోయే రోజు చూసుకుని వచ్చేవాడు. బాబాయికి చెప్పకు, ఆయన వద్దంటాడు అనేవాడు. ఎందుకు మోస్తావురా ఇంత అంటే, మెట్లెక్కితే ఒళ్ళు తగ్గుతుంది పిన్నీ అనేవాడు. వాడి ఒంట్లో తగ్గడానికేం ఉంది? కర్రముక్క. నేనే వాడికి పిల్లని చూద్దామనుకున్నాను."

యౌ బాబాయి గోడకి ఆనుకున్నాడు. ఆయనకి ఆ సంగతి తెలియదని ఆయన్ని చూస్తే తెలుస్తోంది.

పిన్ని కత్తి కింద పెట్టింది. "నా ఇల్లు పట్టుకుపోయి నాకు బియ్యం మోశాడన్నమాట."

ఆ మాటకి షూ-వాన్ తల వంచుకుంది. తమ్ముడి తరఫున చెప్పడానికి ఏదైనా ఉందేమోనని వెతికింది. ఉన్నవన్నీ దగ్గు గురించే.

పిన్ని మొగుడివైపు తిరిగింది. "నువ్వు ఆరోజే చూశావు. చూసి ఊరుకున్నావు."

"అవును."

"ఎందుకూ?"

"ఎవరిదో అనుకున్నాను."

"ఎవరిదో అయితే పరవాలేదు."

ఆయన నేల చూశాడు.

"నిన్నే అడుగుతున్నాను. ఎవరిదో అయితే పరవాలేదా?"

"పరవాలేదనే అనుకున్నాను," అన్నాడు యౌ బాబాయి.

ఆమె పొయ్యి కట్టేసింది. గోడ పట్టుకుని, ఒక్కో మోకాలూ విడివిడిగా చాచి లేచింది. "టైమెంతయింది?"

"మూడున్నర."

"సంఘం ఆఫీసు ఐదింటిదాకా ఉంటుంది శనివారాలు. నా కర్ర తియ్యి."

"ఇప్పుడెందుకే? సోమవారం నేనెళ్ళి..."

"నువ్వెళ్ళి ఊరుకుంటావు. తియ్యి కర్ర."

మొగుడి చెయ్యి ఆమె పట్టుకోలేదు. షూ-వాన్ చెయ్యీ పట్టుకోలేదు. ఒక మెట్టుమీద రెండు కాళ్ళూ ఆనించి, ఆగి, తరవాతి మెట్టు దిగేది. షూ-వాన్ ఆమెకి ఒక మెట్టు కింద, తూలితే పట్టుకునేలా, వెనక్కి నడుస్తూ గొడుగు పట్టింది. ఆ కొండమీద చిన్న వానకి కూడా మెట్లమీదనుంచి నీళ్ళు పారుతాయి. పిన్ని చెప్పులు తడిసిపోయాయి. సగం దూరంలో ఆగింది.

"నీకు దగ్గు తగ్గిందా?" అంది.

"తగ్గింది పిన్నీ."

"పూర్తిగానా?"

"పూర్తిగా."

పిన్ని తలాడించింది. సంతోషించిందో లేదో ఆ ముఖంలో కనపడలేదు. కర్ర తరవాతి మెట్టుమీద పెట్టింది.

అయిదింటికి ఎనిమిది నిమిషాలుండగా ముగ్గురూ ఆఫీసు చేరారు. గుమాస్తా ఫాంగ్ అప్పటికే సగం లైట్లు ఆర్పేసింది. పిన్నిని చూసి కుర్చీలోంచి లేచింది. "మీరు దిగారా? ఎవరు మోసుకొచ్చారు?"

"నా కాళ్ళే మోసుకొచ్చాయి. అమ్మాయి ఏదో చెబుతుంది, విను."

షూ-వాన్ కౌంటరు ముందుకు వచ్చింది. "నాలుగో అంతస్తు ఇల్లు నాకు రాలేదు," అంది. "వచ్చిందని అందరం అనుకున్నాం. రాలేదు."

ఫాంగ్‌కి అర్థం కాలేదు. ఇల్లు ఖాళీ చేస్తున్నారనుకుని ఆ ఫారం తీసి ఇచ్చింది. కారణం రాయడానికి రెండు వరసల చోటుంది. షూ-వాన్ దాన్ని వెనక్కి తిప్పి, వెనక వైపంతా రాసింది. తేదీ, గంట, నిమిషం, సెకను. తొమ్మిదిమంది పేర్లు. రాస్తుండగా యౌ బాబాయి దగ్గరికొచ్చి, "నేను చూసి ఊరుకున్నది కూడా రాయి. ఆ మధ్యాహ్నమే అని రాయి," అన్నాడు. అదీ రాసింది.

ఫాంగ్ కాగితం తీసుకుని చదివింది. సగందాకా వచ్చాక కుర్చీలో కూర్చుంది. ఆ రోజు హాల్లో శేషం మూడు అని పైకి చదివి చప్పట్లు కొట్టించింది ఆమే. చివరిదాకా చదివి మళ్ళీ మొదటికి వెళ్ళింది.

"ఇది ఖాళీ చేసే అర్జీ కాదండీ," అంది. గొంతు తగ్గిపోయింది. "ఇది ఫిర్యాదు. దీనికి వేరే ఫారం ఉంది. కమిటీ ముందు పెట్టాలి, తొమ్మిదిమందినీ పిలవాలి. ఇల్లు ఎవరిదన్నది వాళ్ళు తేలుస్తారు."

"ఇవ్వండి."

ఫాంగ్ సొరుగులో వెతికి తీసింది. షూ-వాన్ పెన్ను పట్టుకుంది. ఫిర్యాదు చేస్తున్నవారి పేరు. జ్యెన్ షూ-వాన్ అని రాసింది. ఎవరిమీద. ఆ గడిమీద పెన్ను కాసేపు ఆగింది. కౌంటరు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో పిన్ని రెండు చేతులతో రెండు మోకాళ్ళూ పట్టుకుని ఇటే చూస్తోంది. తొందర పెట్టలేదు, వద్దనలేదు.

జ్యెన్ కాయ్-లిన్ అని రాసింది. ఇద్దరికీ ఉన్న సంబంధం అన్న చోట తమ్ముడు అని రాసింది.

"ఆయన వారంలోగా వచ్చి సంజాయిషీ చెప్పుకోవాలి," అని అలవాటుగా అనేసి, ఫాంగ్ తన మాట తానే విని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

కింద ఇంకో గడి ఉంది. ఎదుటివారు రాలేకపోతే వారి తరఫున జవాబు చెప్పేవారు. షూ-వాన్ దాన్ని రెండుసార్లు చదివింది. తరవాత అక్కడ కూడా తన పేరే రాసి, సంతకం పెట్టి, కాగితం కౌంటరు అవతలికి జరిపింది.